పచ్చళ్ళ అక్క వంటగట్టు: 40 వేలలో రాయి ఎంచిన కథ

గుంటూరు బ్రాడీపేటలో రెండో అంతస్తు ఫ్లాటు అది. 1997లో కట్టారు, లిఫ్టు లేదు. వంటగది తొమ్మిదిన్నర అడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు. ఎల్ ఆకారంలో గట్టు, దానిమీద ఆ రోజుల్లో అందరూ వేయించుకున్న కడప బండ. గట్టు కింద అరలూ కడప బండే. ఇరవై ఎనిమిదేళ్ళ వాడకంలో సింకు పక్కన ఒక బండ పగిలింది. మిగతావి పగల్లేదు కానీ నునుపు పోయి, పొయ్యి పక్కన మచ్చలు పడి, ఎంత తోమినా మురికిగానే కనిపిస్తున్నాయి.

ఇంటావిడ పచ్చళ్ళు పెట్టి అమ్ముతారు. వంటగట్లు వేయించి పెట్టడం నా పని. నేను వెళ్ళిన రోజు, 2025 ఫిబ్రవరిలో, పండుమిరపకాయలు తొక్కుతున్నారు. గది నిండా ఘాటు. కొలతలు తీసుకుంటూ నాలుగు తుమ్ములు తుమ్మాను. ఆవిడ నన్ను తమ్ముడూ అంటారు, నేను అక్కా అంటాను కాబట్టి ఇక్కడా అలాగే రాస్తున్నా. అక్క పెట్టిన షరతులు రెండే. రాయి, సింకు, కూలీ, నా ఫీజు అన్నీ కలిపి 40 వేలు దాటకూడదు. మామిడికాయ వచ్చేలోపు పని అయిపోవాలి.

ఇక ఆశ ఒకటి ఉంది. హైదరాబాద్‌లో మేనకోడలి ఫ్లాటులో తెల్లటి క్వార్ట్‌జ్ గట్టు చూసి వచ్చారు. ఫోన్‌లో ఫోటో చూపించి "ఇట్టాంటిదే కావాలి తమ్ముడూ, ఖర్చు కాస్త అటూ ఇటూ అయినా" అన్నారు. పక్కనే ఉన్న బావగారు అటూ ఇటూ అనే మాట దగ్గర పేపరు మడిచి నావైపు చూశారు.

క్వార్ట్‌జ్ లెక్క

కాదని చెప్పేముందు లెక్క వేసి చూపించడం నాకు అలవాటు. గట్టు వెడల్పు రెండడుగులు. పొడుగు గోడ వైపు తొమ్మిదిన్నర అడుగులు, పొట్టి గోడ వైపు మూల పోను అయిదు అడుగులు. మొత్తం 29 చదరపు అడుగులు. క్వార్ట్‌జ్‌ని మనకు కావలసినంత కోసి ఇవ్వరు, పలక మొత్తం కొనాలి. షాపులో చూసిన పలక 48 చదరపు అడుగులు. అడుగు 330 చొప్పున 15,840, జీఎస్టీ 18 శాతం కలిపితే 18,691. అంటే వాడని 19 అడుగులకు కూడా డబ్బు కట్టాలి. దాని అంచులు 45 డిగ్రీల కోతతో అతికించాలి, సింకు రంధ్రానికి ప్రత్యేకమైన కోత, బిగించే కూలీ కూడా ఎక్కువ. సింకు, ప్లంబింగ్, నా ఫీజు అన్నీ కలిపితే 49 వేలు దాటింది.

డబ్బు ఒక్కటే కాదు. క్వార్ట్‌జ్ అని మనం అంటున్నది గని నుంచి పలకగా వచ్చిన రాయి కాదు. తొంభై శాతం పైచిలుకు క్వార్ట్‌జ్ పొడిని రెసిన్ అనే జిగురుతో కలిపి ఒత్తి చేసిన పలక. రాయికి వేడి ఏం చేయదు, ఆ రెసిన్‌కే సమస్య. పొయ్యి మీంచి దించిన మూకుడు నేరుగా పెడితే 150 డిగ్రీలు దాటడం పెద్ద విషయం కాదు, అక్కడ రంగు మారిపోతుంది. పచ్చళ్ళకు నూనె కాచే ఇంట్లో రోజుకెన్నిసార్లు దించుతారో మరి.

ఇంకోటి, ఇది కస్టమర్‌కి కాదు, నాకు సంబంధించింది. క్వార్ట్‌జ్ కోస్తే వచ్చే దుమ్ములో సిలికా చాలా ఎక్కువ. అది ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది, తగ్గే జబ్బు కాదు. ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి ఈ రకం పలకల తయారీ, సరఫరా, బిగింపు నిషేధించింది. గ్రానైట్‌లోనూ సిలికా ఉంటుంది, తక్కువ పాళ్ళలో. మా కుర్రాళ్ళు ఫ్లాటు బాల్కనీలో మూతికి రుమాలు కట్టుకుని పొడిగా కోయడం నేను చూశాను, కొన్నేళ్ళు నేనూ పట్టించుకోలేదు. ఇప్పుడు ఏ రాయైనా సరే నీళ్ళు పోస్తూనే కోయాలని గట్టిగా చెబుతాను. క్వార్ట్‌జ్ అయితే సైట్‌లో అసలు కోయించను.

ఆరు ముక్కలు, ఒక రాత్రి

అయినా అక్క ముఖంలో తెల్లరంగు మీద మోజు పోలేదు. అప్పుడు నేను చేసేది ఒకటుంది. షాపుల్లోంచి అరడుగు ముక్కలు అడిగి తెచ్చి, కస్టమర్ వంటగదిలోనే, వాళ్ళ దినుసులతోనే పరీక్ష పెడతాను. షాపులో లైట్ల కింద ఏ రాయైనా అందంగానే ఉంటుంది.

ఆరు ముక్కలు పెట్టాం. క్వార్ట్‌జ్, తమిళనాడు వైపు నుంచి వచ్చే తెల్ల గ్రానైట్, స్టీల్ గ్రే అనే బూడిదరంగు గ్రానైట్, చీమకుర్తి నల్లరాయి బ్లాక్ గెలాక్సీ, గుజరాత్‌లోని మోర్బీ నుంచి వచ్చే 15 మిల్లీమీటర్ల మందపు టైలు, ఇంకా అక్క ఇంట్లోనే పగిలిన కడప బండ ముక్క. ప్రతిదాని మీద మూడు చోట్ల మూడు పెట్టాం: పసుపూ నూనే కలిపిన పండుమిరప ముద్ద, చింతపండు గుజ్జు, కోసిన నిమ్మచెక్క బోర్లించి. రాత్రంతా వదిలేసి పొద్దున తుడిచాం. తర్వాత ఇనప మూకుడులో నూనె కాచి, నూనె వేరే గిన్నెలోకి ఒంపి, ఖాళీ మూకుడు ఒక్కోదాని మీద రెండు నిమిషాలు.

కడప బండ సంగతి ముందే తెలుసు. అది సున్నపురాయి జాతి. నిమ్మకాయ ఉన్నచోట గుండ్రంగా మెరుపు పోయింది, వేలితో రాస్తే గరుకు తగిలింది. అక్క పాత గట్టు మీది మచ్చలన్నీ మురికి కాదు, ఇరవై ఎనిమిదేళ్ళ చింతపండు, నిమ్మరసం చేసిన పని. ఆ మాట విని "మరి నేను ఆ పనిమనిషిని ఎన్నిసార్లు తిట్టానో" అన్నారు. పాలరాయి అడిగేవాళ్ళకూ నేనిదే చెబుతాను, దానిదీ ఇదే గుణం.

తెల్ల గ్రానైట్ మీద పులుపు ఏం చేయలేదు. కానీ పసుపు దిగింది, దాని చుట్టూ నూనె పీల్చి అర అంగుళం మేర తడి ఆరనట్టు మచ్చ. పసుపు మరకకు ఒక మందుంది, ఎండ. ఆ ముక్కను బాల్కనీలో రెండు రోజులు పెడితే పసుపు దాదాపు పోయింది. నూనె మచ్చ పోలేదు. అయినా గట్టును తీసుకెళ్ళి ఎండలో పెట్టలేం కదా. క్వార్ట్‌జ్ మీద పసుపు లేతగా అంటింది, తోమితే వదిలింది, మూకుడు పెట్టినచోట మాత్రం పసుపుపచ్చటి వలయం పడింది, అది వదల్లేదు. టైలు మీద ఏ మరకా అంటలేదు. మరకల పరీక్షలో నిజానికి గెలిచింది అదే. కానీ అక్క చేతిలోంచి పచ్చడి బండ జారి దాని అంచు మీద పడింది, పెచ్చు లేచింది. కావాలని వేశారా అని నాకిప్పటికీ అనుమానం. ఆ టైళ్ళలో సింకు మూలలు కోసేటప్పుడు పగలడం కూడా మామూలే, దానికి తగిన మిషను, అలవాటున్న చెయ్యి ఉండాలి.

స్టీల్ గ్రే, గెలాక్సీ రెండిటికీ ఏమీ కాలేదు. గెలాక్సీ షాపులో గ్రానైట్ పేరుతో అమ్ముతారు కానీ రాళ్ళ శాస్త్రం ప్రకారం అది గాబ్రో జాతి, బరువు, తక్కువగా పీలుస్తుంది. దానిలో బంగారు చుక్కల్లా మెరిసేవి బ్రాంజైట్ అనే ఖనిజం.

నేను స్టీల్ గ్రే అన్నాను. చవక, మరక కనిపించదు, గీత కనిపించదు, దుమ్ము కనిపించదు. నల్లటి మెరుపు రాయి మీద తుడిచిన గుడ్డ చార కూడా కనిపిస్తుంది. "నల్లదాని మీద చీమలు కనపడవు గదా" అన్నారు అక్క. స్టీల్ గ్రే మీద కూడా పెద్దగా కనపడవని నేను అనలేదు. ఈ "కనిపించదు" అనే గుణాన్నే నేను అంతగా మెచ్చుకున్నాను, అదే తర్వాత నాకు అడ్డం తిరిగింది.

మూల ఎవరిది

గుంటూరు షాపులో స్టీల్ గ్రే అడుగు 130 చెప్పారు. మార్టూరులో ఫ్యాక్టరీ దగ్గర అదే 95. చిలకలూరిపేట దాటాక హైవే పక్కన వరసగా ఉంటాయి కోత మిషన్లు, పాలిష్ యూనిట్లు. చాలామంది అక్కడికే వెళ్ళి కొంటామంటారు. ఇల్లంతా వేసుకునేవాళ్ళకు అది మంచి మాటే. మా గట్టుకు కొనే 34 అడుగుల రాయి మీద మిగిలేది జీఎస్టీతో కలిపి దాదాపు 1,400, బండి కిరాయికే అంతకన్నా ఎక్కువ అడుగుతారు. ఊళ్ళోనే కొన్నాం.

పలకల్లో రెండు సైజులు. గ్యాంగ్‌సా అనే పెద్ద రంపపు మిషను మీద కోసినవి తొమ్మిది పదడుగుల పొడవు, అయిదారడుగుల వెడల్పు. చిన్న కట్టర్ మీద కోసినవి సన్నటి పట్టీల్లా, రెండుంపావు, రెండున్నర అడుగుల వెడల్పు. రెండోవి చవక. వంటగట్టుకి అచ్చం సరిపోయే వెడల్పు, పక్కన వృథా పోయేది మూడు అంగుళాలే. చిక్కల్లా పొడవుతోనే. మా పొడుగు వైపు తొమ్మిదిన్నర అడుగులు, షాపులో ఉన్న కట్టర్ పలకలు ఎనిమిదడుగులు కూడా లేవు. మేస్త్రి "మధ్యలో ఒక జాయింటు వేద్దాం సార్" అన్నాడు. మధ్యలో అంటే సరిగ్గా పొయ్యికీ సింకుకీ నడుమ, నీళ్ళూ నూనే తిరిగే చోటు.

కాగితం మీద ఎల్ గీసి చూస్తే దారి దొరికింది. మూలలో రెండడుగుల చదరం ఉంది కదా, అందరూ దాన్ని పొడుగు వైపు లెక్కలో వేస్తారు. దాన్ని పొట్టి వైపుకి ఇచ్చేస్తే పొడుగుది ఏడున్నర, పొట్టిది ఏడు. రెండూ కట్టర్ పలకల్లో వచ్చేస్తాయి. జాయింటు ఒకటే, అదీ చెయ్యి తక్కువ తిరిగే మూల దగ్గర. వాడే రాయి కొలత అదే 29 అడుగులు. కొన్నవి 7 అడుగుల 9 అంగుళాలదొకటి, 7 అడుగుల 3 అంగుళాలదొకటి, రెండూ 2 అడుగుల 3 అంగుళాల వెడల్పు. బిల్లు 33.75 అడుగులకు, జీఎస్టీతో 5,177.

కొనేటప్పుడు టేపుతో అంచు మందం నాలుగు చోట్ల కొలిచాను. 18 మిల్లీమీటర్లని అమ్మే పలకలు కొన్ని 15, 16 ఉంటాయి. రెండు పలకల మందం ఒకటి కాకపోతే జాయింటు దగ్గర అంచు గుండ్రం కలవదు, ఎంత పాలిష్ పట్టినా కంటికి గుచ్చుకుంటుంది. అందుకే ఒకే లాట్‌లో పక్కపక్క పలకలే తీయించాను. నీళ్ళు కూడా ఒక చెంచాడు పోసి పావుగంట చూశాం. పోసినచోట నల్లబడితే పీలుస్తుందని అర్థం. కొంచెమే నల్లబడి, ఆరాక మామూలైంది. సీలర్, అంటే రాయి పీల్చకుండా పూసే ద్రవం, ఒక పూత చాలనుకున్నాం.

పాత బండ పీకలేదు

ఖర్చు తగ్గిన అసలు చోటు ఇది. పాత గట్టు మొత్తం పగలగొడితే అరలు కదులుతాయి, గోడ టైళ్ళు రాలతాయి, రెండంతస్తులు శిథిలాలు మోయాలి. సుత్తి పిడితో కడప బండ మీద తట్టుకుంటూ పోయాం. సింకు పక్కది తప్ప అన్నీ గట్టిగానే పలికాయి. ఆ ఒక్కటి మార్చి, మిగతావాటి మీదే గ్రానైట్ పరచాలని నిర్ణయించాం. నునుపు బండ మీద సిమెంటు పట్టదు కాబట్టి ఉలితో గంట్లు పెట్టించాం.

దీనితో అనుకోని లాభం ఒకటి. పాత గట్టు ఎత్తు 30 అంగుళాలు. సిమెంటు పరుపు, రాయి కలిపి అంగుళంన్నర పెరిగింది. అక్కకి నడుం నొప్పి ఉంది, ఎప్పుడూ వంగే తరిగేవారు. మోచేయి మడిస్తే దాని కింద నాలుగైదు అంగుళాల్లో గట్టు ఉండాలన్నది నేను పాటించే కొలత, దానికి దగ్గరకొచ్చాం. పాత బండ మీదే పరిచేవాళ్ళు ముందే చూసుకోవలసింది కిటికీ రెక్క తెరుచుకుంటుందా, గోడ కుళాయి కింద గిన్నె పడుతుందా అన్నది. మాకు కిటికీ అర అంగుళం తేడాతో తప్పించుకుంది.

అంచు మందంగా కనబడడానికి రెండు పట్టీలు అతికించే ఫ్యాషన్ వద్దన్నాను. దానికి బదులు రాయి ముందుకి అంగుళం పొడుచుకొచ్చేలా పెట్టి, అడుగున సన్నటి గాడి కోయించాను. గట్టు మీంచి కారిన నీళ్ళు ఆ గాడి దగ్గరే బొట్టుగా రాలిపోతాయి, కింద తలుపుల మీదికి పాకవు. అడుగుకి ఇరవై రూపాయలు, మొత్తం 290. ఎవరూ అడగరు, నేనే రాసేస్తాను.

మెట్ల మీద చప్పుడు

ఇప్పుడు నా తప్పు. ఏడున్నర అడుగుల పలకకి సింకు రంధ్రం షాపులోనే కోయించాను. ఫ్లాటులో దుమ్ము లేకుండా ఉంటుందని నా ఆలోచన. రెండడుగుల పలకలో 18 అంగుళాల రంధ్రం పోతే ముందూ వెనకా మూడేసి అంగుళాల పట్టీలే మిగులుతాయి. గ్రానైట్ చదరపు అడుగు నాలుగున్నర కిలోల దాకా తూగుతుంది, రంధ్రం పోయినా ఆ పలక ఉండేది యాభై కిలోల పైనే. దాన్ని నిలువుగా, సన్నటి అంచు కిందికి వచ్చేలా పట్టుకుని మొయ్యాలి. మెట్ల మలుపులో తిరగట్లేదని ఇద్దరు కుర్రాళ్ళు పళ్ళెంలా పడుకోబెట్టారు. నేను కింద ఫోన్‌లో ఉన్నాను. టక్ మని ఒక్క చప్పుడు, కొబ్బరికాయ కొట్టినట్టు. ముందు పట్టీ సింకు మూల దగ్గర విరిగింది.

ఎపాక్సీ జిగురుతో అతికిస్తే కనపడదన్నాడు మేస్త్రి. కనపడదు, నిజమే. కానీ రోజూ కడుపు ఆనించి నిలబడే చోటు, నీళ్ళు నిలిచే చోటు. కొత్త పలక తెచ్చాను. పలక 2,675, అంచు గుండ్రం మళ్ళీ 900, గాడి 150, సింకు కోత 1,200. మొత్తం 4,925. ఈ పనికి నా ఫీజు 4,000. ఫీజు పోగా 925 ఎదురు పెట్టాను. కుర్రాళ్ళ కూలీలో కోత వేయలేదు, తప్పు కోసిన చోటుది, అది చెప్పింది నేను.

రెండోసారి పలకను రంధ్రం లేకుండా పైకెక్కించి, గట్టు మీద పరిచాక అక్కడే, నీళ్ళు పోస్తూ కోశాం. నాలుగు మూలల్లో ముందు డ్రిల్లుతో గుండ్రటి రంధ్రాలు వేసి, వాటిని కలుపుతూ కోశాం. మూల సూటిగా కోస్తే బీట అక్కడి నుంచే మొదలవుతుంది. విరిగిన పలకలో బాగున్న సగం బాల్కనీలో తులసికోట పక్కన అరుగైంది.

బిల్లు

రాయి 5,177. బండి, మోతకూలీ 1,500. అంచు గుండ్రం 1,740, గాడి 290, సింకు కోత 1,200, పరిచే కూలీ 2,030. పగిలిన బండ తీసి మార్చడం, గంట్లు, చెత్త ఎత్తడం 3,200. సిమెంటు, ఇసుక, ఎపాక్సీ, సిలికాన్ 1,900. సీలర్ 650. 304 గ్రేడ్ స్టీలు సింకు 5,600. ప్లంబింగ్, కుళాయి 3,400. నా ఫీజు, కాగితం మీదైనా, 4,000. వెరసి 30,687.

ఇందులో రాయి వాటా ఆరో వంతు. షాపులో అడుగుకి అయిదు రూపాయల కోసం గంటసేపు బేరం ఆడేవాళ్ళు అంచు ఏ రకమో, కోతలు ఎన్నో అడగరు. ఈ ఇంట్లో అయిదు రూపాయలు తగ్గించి ఉంటే మిగిలేది రెండొందలు. మూలను అటు నుంచి ఇటు మార్చినందుకు గ్యాంగ్‌సా పలక కొనే పని తప్పింది, పాత బండ పీకనందుకు కొన్ని వేలు. బావగారు బిల్లు రెండుసార్లు కూడి, రెండోసారి నవ్వారు.

మే నెల ఫోను

ఆవకాయ మొదలయ్యాక అక్క ఫోన్ చేశారు. గట్టు బాగుంది, మరకలు లేవు, నడుం కాస్త నయం. "కానీ తమ్ముడూ, తడి కనపడట్లేదు" అన్నారు.

నాకు వెంటనే అర్థం కాలేదు. వెళ్ళి చూశాను. మామిడి ముక్కలు తుడిచి ఆరబెట్టి గట్టు మీద పోస్తున్నారు. పచ్చడికి నీటిబొట్టు శత్రువు, ఒక్క బొట్టు తగిలినా జాడీ బూజు పట్టొచ్చు. స్టీల్ గ్రే మీద బూడిద, నలుపు పొడలు కలిసిపోయి ఉంటాయి. అక్క ఒక నీటిబొట్టు వేసి, రెండడుగుల దూరం నుంచి చూడమన్నారు. నాకు కనబడలేదు. పాత కడప బండ మీద తడి పడితే నల్లగా తేలేదట. నా ఆరు ముక్కల పరీక్షలో మరక దాక్కుంటుందా అని చూశాను, మెచ్చుకున్నాను. తడి దాక్కుంటుందని చూడలేదు. ఆ ప్రశ్న పచ్చడి పెట్టే మనిషికే తడుతుంది, నేను ముందే అడగాల్సింది.

గట్టు మార్చే ప్రశ్నే లేదు. గ్రానైట్ షాపుల వెనక మిగిలిపోయిన ముక్కల గుట్ట ఉంటుంది. అక్కడ రెండున్నర అడుగులు బై అడుగు ముప్పావు గెలాక్సీ ముక్క దొరికింది. నల్లరాయికి రంగు పూసి అమ్మేవాళ్ళుంటారు కనక, తెల్లగుడ్డకి గోళ్ళ రంగు చెరిపే ద్రావణం అద్ది గట్టిగా రుద్ది చూశాను. గుడ్డ తెల్లగానే ఉంది. ఆరొందలకి ఇచ్చాడు. నాలుగు అంచులూ పాలిష్ పట్టడానికి, ఎనిమిదిన్నర అడుగులకి, 680 అయింది. కింద రబ్బరు బుష్షులు అతికించి పొట్టి వైపు గట్టు మీద పెట్టాం, ఇరవై రెండు కిలోలుంటుంది, జరగదు.

అక్క దానిమీద ఒక నీటిబొట్టు వేశారు. అద్దంలో కన్నులా మెరిసింది. పొడి గుడ్డతో తుడిచి, మామిడి ముక్కల బేసిను దానిమీదికి జరిపారు.